ఐ పెంగ్ ముక్కు, యు లా సవతి

మాన్ హేంగ్ ఊళ్ళో ఐ పెంగ్ ఎదురుపడితే జనం ముందు ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత పలకరించేవాళ్ళు. అతను మనుషుల్ని కళ్ళతో చూసేవాడు కాదు. వాసన చూసేవాడు. చూసి ఊరుకున్నా బాగుండేది, చూసింది చూసినట్టు నడివీధిలో చెప్పేసేవాడు.

"పొద్దున వెల్లుల్లి. మధ్యాహ్నం మీ అక్క ఇంట్లో కాల్చిన చేప. మధ్యలో ఎవరిదో మంచి సిగరెట్టు. నీది కాదులే, నువ్వంత మంచిది కాల్చవు."

"పెంగ్ అన్నా, నేను మార్కెట్టుకి పోతున్నా, దారి వదులు."

"మార్కెట్టు నుంచి వస్తూ అబద్ధమెందుకు చెబుతావు? చెప్పుల నిండా కోళ్ళ గంపల కంపు."

ముక్కు చూడబోతే గొప్పదేం కాదు. మొహం మధ్య ఎవరో చింతగింజ అతికించి మరిచిపోయినట్టుండేది. దేశాలు తిరిగినవాళ్ళు ఒక మాట చెబుతారు. పెద్ద ముక్కులు ఫొటోలకి పనికొస్తాయి, పని చేసేవన్నీ చిన్న ముక్కులేనని. పెద్ద ముక్కుల పాలనలో ఎన్ని రాజ్యాలు కూలాయో చరిత్ర తిరగేస్తే తెలుస్తుంది గాని, ఆ గొడవలోకి దిగితే టీ చల్లారిపోతుంది.

అసలు సంగతి టీయే. మాన్ హేంగ్ ఉన్న లోయలో ఊళ్ళన్నీ పూఅర్ అనే పులియబెట్టిన తేయాకు మీదే బతుకుతాయి. మాన్ హేంగ్‌లో కొండమీది ముసలి చెట్ల వసంతపు ఆకంతా ఎండబెట్టి, ఊరి కొట్టంలో నడుమెత్తు కుప్ప పోస్తారు. ఊటనీళ్ళు చిలకరించి గోనెలు కప్పుతారు. కొన్నాళ్ళకి కుప్ప లోపల వేడి పుడుతుంది, ఆకు పులియడం మొదలవుతుంది. అప్పుడప్పుడూ ఊరంతా చెక్కపారలు పట్టుకొచ్చి లోపలి ఆకు పైకీ, పైది లోపలికీ తిరగేస్తారు. మొదట్లో పుల్లటి వాసన, తర్వాత చేపల బుట్ట వాసన, ఆ తర్వాత తడిసిన చెక్క, చిట్టచివర ఖర్జూరం. ఆ ఖర్జూరం వాసన వచ్చిందా, ఊరు ఏడాదంతా నవ్వుతుంది. రాలేదా, వసంతమంతా ఎరువుదిబ్బ మీదికి పోతుంది. ఎప్పుడు నీళ్ళు, ఎప్పుడు గోనె, ఎప్పుడు తిరగేత అన్నది చెప్పే పని ఐ పెంగ్ ముక్కుది.

తేయాకు చాడీలు వినే మనిషి లాంటిది. పక్కన ఏముంటే అది పీల్చేసుకుంటుంది. అందుకే ఐ పెంగ్ కొట్టం గుమ్మంలో కూర్చుని, వచ్చినవాళ్ళందర్నీ మూచూసి గాని లోపలికి పంపేవాడు కాదు. ఒకసారి కున్‌మింగ్ పట్నం నుంచి షెన్ అనే పెద్ద వ్యాపారి కారు దిగాడు. గుమ్మానికింకా పది అడుగుల దూరంలో ఉండగానే ఐ పెంగ్ లేచి నిలబడ్డాడు.

"అయ్యా, తమరు పూలతోటలో పడ్డారా?"

"ఇది పారిస్ నుంచి తెప్పించిన సెంటు."

"అది పారిస్‌లోనే ఉంటే బాగుండేది. వాగు అటుంది. బియ్యం కడిగిన నీళ్ళు మా ఆవిడనడిగి తీసుకోండి, జుట్టుకి బాగా పట్టించండి."

కొనడానికొచ్చిన షెన్ వాగులో మునిగి, ఐ పెంగ్ పాత లుంగీ కట్టుకుని, తడి తలతో కుప్ప ముందు నిలబడి బేరమాడాడు. మరుసటేడు లుంగీ తనే కట్టుకుని కారు దిగాడు.

ఇక ఇంటి సంగతి. ఆ ఊళ్ళో పెళ్ళయ్యాక మగవాడే అత్తారింటికి కాపురానికి వెళ్ళాలి. ఐ పెంగ్ ఇల్లరికానికి ఒక బట్టల మూటా, ఆ ముక్కూ తెచ్చుకున్నాడు. మెట్లెక్కి, చాప మీద కూర్చుని, అత్తగారిచ్చిన మంచినీళ్ళు తాగి, మొట్టమొదట అన్న మాట ఇది:

"అత్తా, ఇంటికింద ఏదో చచ్చింది."

చచ్చింది ఏదీ లేదు. స్తంభాల మీద నిలబెట్టిన ఇల్లది, ఆ స్తంభాల మధ్య అత్తగారి పులియబెట్టిన వెదురుచిగుళ్ళ జాడీ ఉంది. ఆవిడ అమ్మమ్మనాటి పులుపునీళ్ళు ఇంకా అందులోనే ఉన్నాయి. మూత తీస్తే మూడిళ్ళ అవతల కుక్క లేచి కూర్చునేది. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి దాంతో వండిన చేప లేకపోతే ముద్ద దిగదు. కాని ఆ ఇంటి మనిషే కొట్టంలో కుప్ప కాపలా కాస్తుంటే, జాడీ ఇంట్లో ఉండేందుకు వీల్లేకపోయింది. దాన్ని పొలాల అవతల పిన్నిగారింటికి మోయించారు.

"ఇల్లరికం వచ్చినవాడు నా జాడీకి విడాకులిప్పించాడు" అని అత్తగారు చనిపోయేదాకా అందరితో చెప్పుకుంది. పోయేముందు కూడా ఐ పెంగ్‌ని దగ్గరికి పిలిచి, "నేను పోయాక ఎలాంటి వాసనొస్తానో ఊళ్ళో చెప్పకు నాయనా" అని మాట తీసుకుంది.

ఆవిడ కూతురు, ఐ పెంగ్ పెళ్ళాం యు లా, అలా నవ్వుతూ సరిపెట్టుకునే రకం కాదు. ఆమెకి సవతి ఉంది. సవతి కొట్టంలో ఉంది. నడుమెత్తున, గోనెలు కప్పుకుని, వెచ్చగా పడుకుని ఉంది.

"ఒళ్ళు వెచ్చబడిందే" అంటూ మెట్లెక్కేవాడు ఐ పెంగ్, కళ్ళు మిలమిల్లాడుతూ.

"ఎవరికి?"

"కుప్పకి."

"పోయినేడు నాకు ఒళ్ళు పేలిపోతుంటే ఇంత సంబరపడలేదే."

"నీది మామూలు జ్వరం. వాసన చూశాగా. రెండోనాటికి తగ్గుతుందని తెలిసింది, తగ్గింది."

"నుదుటి మీద చెయ్యేస్తే ఏం పోయింది?"

"ముక్కుతో తెలిసిపోయాక చెయ్యెందుకు?"

పొరుగింటి యు తావ్ ఈ పొయ్యిలోకి ఎప్పటికప్పుడు ఒక పుల్ల ఎగదోసేది. "వదినా, నిన్న మీ ఆయన కుప్పకి పాట పాడుతున్నాడు. మనకి వినబడే పాట కాదులే, చెవిలో చెప్పినట్టు." యు లా మొహం మాడ్చుకుని, "పాడనీ, దాని నోట్లోంచి ఒక్క పాటైనా వస్తుందేమో చూద్దాం" అనేది.

కుప్ప సిద్ధమయ్యాక మొదటి టీ ఇంట్లోనే కాచేవాడు. అదొక పూజ. చేటలో ఆకు పోసి చెవి దగ్గర పెట్టుకుని గలగలలాడించేవాడు. మరిగే నీళ్ళు పోసి, మొదటి నీళ్ళు పారబోసి, రెండోసారి పోసి, రెండు ఊపిర్లు ఆగి వంచేవాడు. టీ రంగు, నల్లద్రాక్ష వెలుగుకెత్తితే కనబడే ఎరుపు. గంజిలా చిక్కగా గొంతు దిగుతుంది. దిగిపోయింది, అయిపోయింది అనుకున్నాక, నాలుక మొదట్లో సన్నగా తీపి తిరిగొస్తుంది.

"చూశావా లా, పోయిందనుకున్నాక వెనక్కొచ్చి పలకరిస్తుంది."

"నాకూ గొంతుదాకా వచ్చి ఆగినవి చాలా ఉన్నాయి. వింటావా?"

వినేవాడు కాదు. ఖాళీ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. టీ ఎలాంటిదో తాగినప్పుడు కాదు, తాగేశాక కప్పు అడుగున తెలుస్తుందనేవాడు. అలా కళ్ళు మూసుకుని ఎంతసేపుండేవాడో ఆమె లెక్కపెట్టేది. తన పెళ్ళినాడు తన మొహం వంక అంతసేపు చూడలేదన్న విషయం గట్టిగా గుర్తుండేది.

యు లా దగ్గర ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఒకటుంది. అది ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె వారానికొకసారి పొలాల గట్టు మీదుగా పిన్ని ఇంటికి వెళ్ళి, జాడీ ముందు గొంతుక్కూర్చుని, పులిసిన వెదురుచిగుళ్ళు చేత్తో తీసుకుని తినేది. తిని, నిమ్మాకు నమిలి, చేతులు బూడిదతో తోముకుని ఇంటికొచ్చేది. మొదటిసారి మెట్ల మీద కాసేపు ఆగి ఎక్కింది. ఐ పెంగ్ తలెత్తి చూసి, "అన్నం వండావా?" అన్నాడు, అంతే. రెండోసారీ అంతే. నెలలూ ఏళ్ళూ గడిచాయి. ఊళ్ళో ఎవరి నోట్లో ఏముందో చెప్పే మనిషికి, పక్కన కూర్చున్న పెళ్ళాం నోట్లో అమ్మమ్మల కాలంనాటి జాడీ ఉన్నా తెలియలేదు.

మొదట్లో గెలిచాననుకుంది. తర్వాత్తర్వాత ఆ గెలుపు ముల్లులా గుచ్చుకోసాగింది. కోళ్ళ గంప కంపు పదడుగుల నుంచి పట్టేవాడికి తను పట్టలేదంటే ఏమిటర్థం? తన వైపు ఊపిరే పీల్చడన్నమాట. ఆ ఊపిరంతా కొట్టంలో దానికే.

ఆ ముక్కుకి ఒక లోపం మాత్రం ఉండేది. ఉన్నట్టుండి జలుబు చేసేది. అదీ సరిగ్గా ఊరికి దాని అవసరం పడ్డ వేళకే.

యు తావ్ మొగుడు గుళ్ళో ఒట్టేసి సారా మానేశాడు. మానేశాడో లేదో తేల్చుకుందామని యు తావ్ అతన్ని చెవి పట్టుకుని ఐ పెంగ్ ముందుకి లాక్కొచ్చింది. "అన్నా, వీడి నోరు వాసన చూసి చెప్పు." ఐ పెంగ్ దగ్గరికి వంగాడు, ఒక్క తుమ్ము తుమ్మాడు. "జలుబమ్మా. ఏమీ తెలియడం లేదు. అయినా వీణ్ణి ఇక్కడ వదిలెళ్ళు, కుప్ప తిరగేసే మనిషి కావాలి." సాయంత్రందాకా అతనిచేత పార పట్టించాడు. చెమటతో తడిసి ముద్దై వచ్చిన మొగుణ్ణి చూసి యు తావ్ తృప్తిపడింది. ఆ మనిషి మళ్ళీ ముట్టుకోలేదని ఊరంతా అనుకుంది.

ఇంకోసారి, ఆకులో పుల్లలేరే ఆడవాళ్ళ మధ్య ఏదో వాసన. మీ వాన్ అనే ముసలావిడ చాప దగ్గర నుంచి. మిగతావాళ్ళు గుసగుసలాడి, "ఇదేమిటో ముక్కునే అడుగుదాం" అని నవ్వారు. ముసలావిడ తలెత్తలేదు. ఐ పెంగ్ వచ్చాడు, చీదాడు, "నాకేం తెలుస్తుంది, మూడ్రోజులుగా జలుబు" అన్నాడు. వెళుతూ వెళుతూ వాకిట్లో నీళ్ళ కుండ తన్నేసి, దగ్గర్లో కూర్చున్న అందర్నీ, ముసలావిడతో సహా, తడిపి ముద్దచేశాడు. అందరూ తిట్టుకుంటూ బట్టలు మార్చుకోవడానికి ఇళ్ళకి పోయారు.

"జలుబుతో పాటు కళ్ళు కూడా పోయాయా?" అని ఇంట్లో యు లా అడిగింది.

"పోయినట్టే ఉన్నాయి."

"కుప్ప దగ్గరికెళ్తే మాత్రం రెండూ తిరిగొస్తాయి."

ఆ ఏడు వసంతంలో వానలు ముందే దిగాయి. చలి. కుప్ప వెచ్చబడలేదు. ఊరి ఆకు, అందరి ఇళ్ళదీ, ఒకే కుప్పలో ఉంది. ఊరిపెద్ద ఐ లేంగ్ రోజూ వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. "ఏమిట్రా ముక్కూ, ఏమంటోంది?" "ఏమీ అనట్లేదు. చల్లగా పడుంది." "ఇది చెడితే ఊరు కొండదిగి కూలికి పోవాల్సిందే, తెలుసుగా."

తెలుసు. గోనెలు చాలలేదు. ఊళ్ళో దొరికిన కంబళ్ళన్నీ కప్పాడు. ఒక్క మూల మాత్రం చల్లగానే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం యు లా పొలం నుంచి వచ్చేసరికి చెక్కపెట్టె మూత తెరిచి ఉంది. పెళ్ళికి ముందు ఏడాదంతా కూర్చుని నేసుకున్న దుప్పటి, ఎర్రటి నేతలో నెమళ్ళు బారులు తీరిన దుప్పటి, కొత్త సంవత్సరానికి తప్ప బయటికి తీయనిది, లేదు. ఆమె కొట్టానికి పరిగెత్తింది. నెమళ్ళు సవతి భుజాల మీద పడుకుని ఉన్నాయి. ఐ పెంగ్ మోకాళ్ళ మీద కూర్చుని, గాలి చొరబడకుండా దుప్పటి అంచు కుప్ప కిందికి మెల్లగా మడుస్తున్నాడు. మడిచి, పైన చిన్నగా తట్టాడు.

దుప్పటి పోతే పోయింది. ఆ మడత చూసే ఆమెకి ఒళ్ళు మండింది. తనకెప్పుడైనా అంచు మడిచాడా?

"బాగా పడుకోబెట్టావు. కథ కూడా చెప్పు."

"లా, ఒక్క వారం. దీనికి చలిగా ఉంది."

"నాకేం, నేను నిప్పుల కుండని."

మర్నాడు ఐ పెంగ్ అన్నానికి ఇంటికొచ్చిన వేళ యు లా పిన్ని ఇంటి దారి పట్టింది. జాడీలోంచి చేరెడు పులిసిన వెదురుచిగుళ్ళు తీసి, అరిటాకులో పొట్లం కట్టి, కొట్టంలోకి దూరి, దుప్పటి ఎత్తి కుప్ప మూలలో మోచేతిదాకా కుక్కింది. సవతికి సారె పెట్టినట్టు పెట్టి, అంచు మళ్ళీ మడిచి వచ్చేసింది.

సాయంత్రం ఐ పెంగ్ ఇంటికొచ్చి ఆమె పక్కన కూర్చుని, ముక్కు రుద్దుకున్నాడు. "ఏమిటో బరువుగా ఉంది. మళ్ళీ జలుబులా ఉంది."

యు లా మనసులోనే దణ్ణాలు పెట్టుకుంది. కాని పొద్దునకి ఆమె కోపం చల్లారింది, కుప్ప వేడెక్కింది. అప్పుడు తెలిసొచ్చింది తనేం చేసిందో. కుప్పలో ఉన్నది సవతి ఒక్కతే కాదు, యు తావ్ వాళ్ళ ఆకు, మీ వాన్ ఆకు, తన అమ్మ కాపాడుకొచ్చిన చెట్ల ఆకు. పొట్లం తీసేద్దామని వెళ్ళింది. ఐ పెంగ్ అక్కడే ఉన్నాడు. వేడి నిలబడేదాకా కదలనన్నాడు, అన్నం కూడా అక్కడికే తెమ్మన్నాడు.

"కాస్త వాగుదాకా నడిచిరాకూడదూ. నేను చూస్తా."

"నువ్వా? దీన్నా?"

"ఏం, చూడకూడదా?"

"చూడొచ్చు. మరి చెమటలెందుకు పడుతున్నాయి? ఎండ లేదే."

ఆమె గిన్నె అక్కడ పెట్టి వచ్చేసింది. పొట్లం లోపలే ఉండిపోయింది.

తిరగేత రోజు ఊరంతా పారలతో వచ్చింది. ఆవిరి మేఘంలా లేచింది. ఐ పెంగ్ ఒక్కో పక్కకీ వంగి మూచూస్తూ, "బాగుంది, తిప్పండి. ఇక్కడ చెక్క వాసన, బాగుంది, తిప్పండి" అంటూ వస్తున్నాడు. యు లా ఆ మూల దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. అతను దగ్గరికొచ్చే కొద్దీ ఆమె గోడకి ఇంకా అతుక్కుపోయింది.

ముందు యు తావే అంది. "ఇదేమిటి, ఇక్కడేదో పులుపు."

పారలన్నీ ఆగాయి. ఐ లేంగ్ ముందుకొచ్చాడు. "ముక్కూ, ఇటు రా. ఏమిటిది? ఎవరైనా ఏదైనా పడేశారా? ఎవరో తేలాలి. ఊరి ఆకిది."

ఐ పెంగ్ దుప్పటి పక్కకి లాగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొహం ఆకులో పెట్టాడు. చెయ్యి లోపలికి పోనిచ్చాడు. ఆ చెయ్యి ఒకచోట ఆగడం యు లా చూసింది. అంత ఆవిరిలో ఆమెకి ఒక్కదానికే చలేసింది. అతను తలెత్తలేదు. పిడికిలి బిగించి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, ఆ చెయ్యి అలాగే చొక్కా కిందికి పోయింది.

తర్వాత తుమ్మాడు.

"జలుబు" అన్నాడు. "ఏమీ తెలియడం లేదు."

"ఇవాళా?" అన్నాడు ఐ లేంగ్. "ఇవాళ జలుబా నీకు?"

"వారం నుంచీ ఉంది. చెప్పడానికి సిగ్గేసి, ఇందాకంతా అలవాటుగా అనేశా. ఈ మూల పైకప్పు పెంకు జారింది, చూసుకోలేదు. వాన పడి పులిసుంటుంది. తప్పు నాదే. ఒక్క బుట్టెడు తీసేస్తే సరి, మిగతాది మీరే వాసన చూసుకోండి, బాగుంటుంది."

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పెంకు చూసుకోలేని ముక్కు, జలుబు దాచుకునే ముక్కు. ఐ లేంగ్ పట్నం నుంచి కొత్త ముక్కు తెప్పిస్తానన్నాడు. వచ్చే ఏడు షెన్ సెంటు కొట్టుకునే రావచ్చని ఇంకొకడన్నాడు. ఐ పెంగ్‌కి ఆ ఊళ్ళో వేరే ఆస్తి లేదు, ఉన్నదల్లా ఆ ముక్కు పేరే. దాన్ని నలుగురూ కాళ్ళతో తొక్కుతుంటే, తల వంచుకుని ఆ మూల ఆకు బుట్టలోకి ఎత్తి, తనే నెత్తిన పెట్టుకుని ఇంటికి మోసుకెళ్ళాడు. మిగతా కుప్ప ఖర్జూరందాకా చక్కగా వెళ్ళింది. మాన్ హేంగ్ ఆ ఏడు కూడా నవ్వింది, కాస్త ఎక్కువగానే, సగం అతన్ని చూసి.

బుట్టెడు ఆకు ఆరిన రోజు వాన. ఐ పెంగ్ పొయ్యి ముందు కూర్చుని నీళ్ళు మరిగించాడు. మొదటి నీళ్ళు పారబోశాడు, రెండోసారి పోశాడు, రెండు ఊపిర్లు ఆగి వంచాడు. యు లా ఒక గుక్క తాగింది. టీ గొంతు దిగింది. వెనకాలే తీపి తిరిగొచ్చింది. దాని వెనకాల, నెమ్మదిగా, అమ్మమ్మ జాడీ తిరిగొచ్చింది.

"ఎలా ఉంది?" అని తనే అడిగింది.

"బాగుంది."

"బాగుందా?"

"జలుబు కదా, నాకు బాగానే ఉంది."

ఆమె కప్పు కింద పెట్టింది. "జాడీ సంగతి ఎప్పుడు తెలిసింది?"

"ఏ జాడీ?"

"పెంగ్."

అతను పొయ్యిలో కట్టె సర్దాడు. "నువ్వు తినొచ్చిన రోజు నిమ్మాకు నమిలొస్తావు. మనింట్లో నిమ్మచెట్టు లేదు. మీ పిన్ని వాకిట్లో ఉంది."

"మొదటి రోజునుంచీ?"

"మొదటి రోజు నువ్వు మెట్ల మీద కాసేపు ఆగావు కూడా."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే మానేస్తావుగా."

వాన చూరుమీంచి ధారగా పడుతోంది. యు లా కప్పు మళ్ళీ తీసుకుని ఇంకో గుక్క తాగింది. తర్వాత ఆమె మొహంలోకి ఏదో వచ్చింది. యు తావ్ మొగుడు, మీ వాన్ చాప, తన్నేసిన నీళ్ళకుండ, ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఆమె భృకుటి ముడిపడింది.

"అయితే ఊరందరి కోసమూ నీకు జలుబు చేసేదన్నమాట."

"ఏదో, వాతావరణం."

"యు తావ్ మొగుడి కోసం కూడానా? ఆ తాగుబోతుకీ, నాకూ ఒకే జలుబా?"

"నీది వేరు" అన్నాడు ఐ పెంగ్. "వాళ్ళ కోసం చేసింది ఒక్కపూటలో తగ్గేది."

ఆ మాటకి ఆమె పక్కకి తిరిగి కూర్చుంది. కొట్టం నుంచి తిరిగొచ్చిన దుప్పటి తీసి భుజాల మీద కప్పుకుంది. కప్పుకోగానే మొహం చిట్లించింది. "ఇదిగో, దీన్నిండా అదే. నీ కుప్ప. నా నెమళ్ళు ఇక జన్మలో మామూలుగా కావు."

"నాకేం తెలియడం లేదే."

అతను లేచొచ్చి, దుప్పటి అంచు ఆమె మోకాళ్ళ కిందికి మెల్లగా మడిచి, పైన చిన్నగా తట్టాడు.

"నేనేమైనా కుప్పనా?"

"కుప్ప ఇంత మాట్లాడదు."

యు లా కసిరింది గాని, మడత కదలకుండా కూర్చుంది.

మరుసటి వారం జాడీ పొలాల గట్టు మీదుగా తిరిగొచ్చి, ఇంటి స్తంభాల మధ్య తన పాత చోట కూర్చుంది. మూడిళ్ళ అవతల కుక్క లేచి కూర్చుంది. ఐ పెంగ్ ఇప్పటికీ కొట్టానికి వెళ్ళేముందు వాగులో మునుగుతాడు. ఇప్పటికీ కోళ్ళ గంప కంపు పదడుగుల నుంచి పడతాడు. సాయంత్రం ఇంటి మెట్ల మొదట్లో మాత్రం ఒక్క క్షణం ఆగి, మర్యాదగా ఒక తుమ్ము తుమ్మి, ఆ తర్వాతే పైకెక్కుతాడు.